సీఓటూతో మిర్చి నూనె తక్కువ వస్తోందా? ప్రెషర్ సంగతి ఆఖర్న చూడండి

300 బార్ ప్రెషర్, 50 డిగ్రీల వేడి దగ్గర తేజ మిర్చి పొడి నుంచి సూపర్‌క్రిటికల్ సీఓటూతో (అంటే నొక్కి, వేడిచేసి గ్యాస్‌కీ ద్రవానికీ మధ్య స్థితికి తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో) నూనె తీస్తున్నాను, దిగుబడి రావడం లేదు, ప్రెషర్ 400కి పెంచాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. గుంటూరు దగ్గర ఒక ఓలియోరెసిన్ (మసాలా దినుసుల నుంచి తీసే చిక్కటి నూనె సారం) యూనిట్ ల్యాబ్‌లో నాలుగేళ్లు నాది ఇదే పని. మొదట్లో నేనూ ఏ తేడా వచ్చినా ప్రెషర్ మీదే పడేవాణ్ణి.

ముందు పొడి చూడండి. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని మేం కూరల్లో వేసే కారంలా ఆడించాం. రన్ అయ్యాక బుట్ట బోర్లిస్తే పొడి ముద్దలా ఊడిపడింది. విరిచి చూస్తే ఒక పక్కన రెండు వేళ్ల వెడల్పున పాలిపోయిన చార, మిగతాదంతా మిర్చి యార్డులో అప్పుడే విప్పిన టిక్కీలా (మిర్చి బస్తాలా) ఎర్రగానే ఉంది. గ్యాస్ తేలికైన దారి ఒకటి చూసుకుని పోయింది, మిగతా పొడిని తాకనే లేదు. తర్వాత అర మిల్లీమీటరు అటూ ఇటూగా జల్లెడ పట్టి, కుక్కకుండా నింపితే అదే 300 బార్‌కి నూనె పెరిగింది. తేమ కూడా ఎనిమిది శాతం లోపు ఉంచుకోండి. లేకపోతే ప్రెషర్ దించే వాల్వ్ దగ్గర ఐసు కట్టి, దాని మీద వేణ్ణీళ్లు పోస్తూ కూర్చోవాలి.

ఇక మన ఎండలు. సీఓటూ 31.1 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. మే నెలలో మా షెడ్డులో సిలిండర్ దగ్గరే 40 పైన ఉండేది. పంపేమో ద్రవాన్ని నెట్టడానికి చేసింది. పంపుకి ముందు సీఓటూని చల్లబరిచే చిల్లర్ అందుకోకపోతే మీటర్ మీద 300 బార్ కనిపిస్తూనే ఉంటుంది, ఫ్లో మాత్రం సగానికి పడిపోతుంది. పొద్దుటి రన్లు బాగుండి మధ్యాహ్నానివి తేలిపోతుంటే, రెండు వారాలు పాపం మిర్చినే తిట్టుకున్నాం. అందుకే రన్‌ని గంటల్లో కాకుండా, కిలో పొడికి ఎన్ని కిలోల సీఓటూ వెళ్లిందో దాన్నిబట్టి లెక్కేయండి.

వేడి విషయంలో ఒక మెలిక ఉంది. 100 బార్ దగ్గర 40 నుంచి 60 డిగ్రీలకు పెంచితే సీఓటూ సాంద్రత లీటరుకు సుమారు 630 గ్రాముల నుంచి 290కి జారుతుంది, నూనెను కరిగించే బలం పోతుంది. 300 బార్ దగ్గర 910 నుంచి 830కే తగ్గుతుంది, పైగా వేడికి నూనె ఆవిరయ్యే గుణం పెరిగి లాభమే వస్తుంది. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఇది దొరకదు. ప్రెషర్, వేడి, ఫ్లో మూడింటినీ కలిపి మార్చి చూసే బాక్స్ బెన్‌కెన్ అనే ప్రయోగ పద్ధతిలో 15 రన్లు వేయండి.

ఇంతకీ మీకు కావాల్సింది తూకమా, ఘాటా? గింజలతో సహా ఆడిస్తే నూనె తూకం పెరుగుతుంది, ఘాటు పలచబడుతుంది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ఉండేది గింజలో కాదు, గింజను పట్టుకుని ఉండే తెల్లటి పొరలో. ఆ క్యాప్సైసిన్ తక్కువ ప్రెషర్‌కే బయటికొస్తుంది. ఎరుపు రంగు కావాలంటేనే 400 దాకా వెళ్లాలి. కానీ తేజను ఎవరైనా కొనేది ఘాటుకే కదండీ, రంగుకైతే బ్యాడిగి ఉండనే ఉంది.