పాఠకుల ప్రశ్నలు: కమల వరి, బీటీ పత్తి ఒకటేనా?

ప్రశ్న: మేము ఏటా బీపీటీ (సాంబమసూరి) వరి వేస్తాం. జన్యువు మార్చిన కమల అనే వరి వచ్చిందని, అది కూడా బీటీ పత్తిలాంటిదేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ అన్నం తింటే ఏమైనా అవుతుందా? (ఒక రైతు, మిర్యాలగూడ దగ్గర)

ఆ రెండూ వేరండీ. బీటీ పత్తిలో నేలలో బతికే ఒక బాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. కమలలో తెచ్చి పెట్టింది ఏమీ లేదు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ వాళ్లు మీరు వేసే బీపీటీ 5204నే తీసుకుని, అందులో ముందునుంచీ ఉన్న జీఎన్1ఏ అనే జన్యువు పని చేయకుండా చిన్న మార్పు చేశారు. వరి కంకి తయారయ్యేటప్పుడు సైటోకైనిన్ అనే హార్మోన్ ఎక్కువ ఉంటే గింజలు ఎక్కువ కడతాయి, ఆ హార్మోన్‌ను కరిగించేసే ఎంజైమ్ ఈ జన్యువు వల్ల తయారవుతుంది, కాబట్టి దాన్ని తగ్గిస్తే కంకికి గింజలు పెరుగుతాయి. ఈ జన్యువు సహజంగానే బలహీనంగా ఉన్న వరి రకం ఒకటి ఉందని 2005లోనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

ఒక మాట మాత్రం దాచకూడదు. మార్పు చేసేటప్పుడు, డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ అనే పనిముట్టును మొక్కలోకి పంపాల్సిందే, పని అయ్యాక తర్వాతి తరాల్లో అది లేని మొక్కల్నే ఏరుకుంటారు. అలా బయటి డీఎన్ఏ మిగల్లేదని రుజువు చూపించిన పంటలకు 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. అనుకోని చోట కూడా డీఎన్ఏ తెగిందేమో చూడటం తప్పనిసరి, ఆ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. అన్నం విషయానికొస్తే, ఇందులో కొత్త ప్రొటీన్ ఏదీ చేరలేదు కాబట్టి తినడానికి టెన్షన్ పడాల్సిన కారణం నాకు కనబడటం లేదు.

ప్రశ్న: దిగుబడి 19 శాతం ఎక్కువ అంటున్నారు, నిజంగా అంత వస్తుందా? (అదే రైతు)

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించినప్పుడు ఇచ్చిన లెక్క హెక్టారుకు 5.37 టన్నులు, మామూలు సాంబమసూరికి 4.5 టన్నులు. మన లెక్కలో చెప్పాలంటే 75 కిలోల బస్తాలు ఎకరాకు సుమారు 29, 24. ఇది పలుచోట్ల జరిపిన ట్రయల్స్ సగటు. బాగా నీళ్లుండి, ఎరువులు గట్టిగా వేసే మీ చేలో బీపీటీ ఇప్పటికే 24 బస్తాలు దాటుతుంటే, పైన మరో ఐదు వస్తాయని ముందే లెక్క వేసుకోకండి. ఆ ట్రయల్స్ ఫలితాలనే ప్రశ్నిస్తున్న సంఘాలు కూడా ఉన్నాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ ఆరోపణల్ని కొట్టిపారేసింది. నన్నడిగితే దిగుబడి కంటే, 20 రోజులు ముందుగా కోతకు రావడమే పెద్ద లాభం. కాలువ చివర ఉన్నవాళ్లకి ఆఖరి తడులు దొరక్క పంట ఎండిపోవడం ఎంత బాధో తెలుసు కదా. అయితే ఈ మార్పు గింజల సంఖ్య కోసం చేసింది, అగ్గితెగులు, దోమపోటు కోసం కాదు, కాబట్టి వాటి విషయంలో బీపీటీకి పడే జాగ్రత్తలన్నీ దీనికీ పడాలి.

ప్రశ్న: మా చేలు ఉప్పు పడుతున్నాయి, మాకేమైనా ఉందా? (ఒక మహిళా రైతు, భీమవరం వైపు)

మీరు చూడాల్సింది పూసా డీఎస్టీ రైస్ 1. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ చేసినా మూలం మన మార్టేరు వరి రకం వెయ్యిపది (ఎంటీయూ 1010), అంటే కాటన్‌దొర సన్నాలే. కరువును, ఉప్పును తట్టుకోకుండా మొక్కను వెనక్కి లాగే డీఎస్టీ అనే జన్యువును ఇందులో ఆపేశారు. చౌడు, ఉప్పు నేలల్లో 9 నుంచి 30 శాతం వరకు ఎక్కువ వచ్చిందని చెప్పారు. చూడండి, ఎంత తేడా ఉందో! నేలను బట్టి మారుతుందన్నమాట, అందుకే ముందు మీ మట్టిని, నీటిని పరీక్ష చేయించండి. రొయ్యల చెరువుల నుంచి ఉప్పునీరు ఆగకుండా ఊరుతుంటే ఏ విత్తనం వేసినా కష్టమే.

ప్రశ్న: రేపు ఈ విత్తనం కంపెనీల చేతిలోకి పోతే? (అగ్రికల్చర్ బీఎస్సీ విద్యార్థి)

నాకున్న అసలు ఆందోళన ఇదే. కమల హైబ్రిడ్ కాదు, కాబట్టి మన గింజనే దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు, మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం (2001)లోని 39వ సెక్షన్ రైతుకు ఆ హక్కు ఇచ్చింది కూడా (బ్రాండు పెట్టి అమ్మకూడదు, అంతే). కానీ క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాల, కంపెనీల దగ్గర ఉన్నాయి. బీపీటీ, వెయ్యిపది రెండూ మన ప్రభుత్వ పరిశోధనా కేంద్రాల్లో పుట్టాయి, రైతులు దశాబ్దాలుగా పండించి నిలబెట్టారు. వాటి మీద ఎవరికి ఏం చెల్లించాలి, ఆ భారం రైతు మీద పడుతుందా అన్నది సర్టిఫైడ్ విత్తనం ఊళ్లలోకి రాకముందే కాగితం మీద పెట్టి ప్రకటించాలి. మీరు చదువుకుంటున్నారు కాబట్టి సమాచార హక్కు కింద ఈ ప్రశ్న మీరే పరిశోధన మండలిని అడగండి, జవాబు వస్తే మాకూ పంపండి, ఇక్కడే వేస్తాం. ఈలోగా ఎవరైనా సంచిలో లూజుగా తెచ్చి కమల అని అమ్మితే, సంచికి ఉండే విత్తన ధ్రువీకరణ ట్యాగు చూపించమనండి, చూపించకపోతే కొనకండి.