సంచుల దిగుమతి: కోడ్ ముందే తేల్చుకో

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రొఫార్మా ఇన్వాయిస్ (సరుకు పంపకముందు ఇచ్చే ముసాయిదా బిల్లు) చూశాను. కాటన్ టోట్ బ్యాగులు, బ్యాక్‌ప్యాకులు, బూట్ల సంచులు, నాన్‌వోవెన్ (నేయకుండా పోగులు అతికించిన) క్యారీ బ్యాగులు... అన్నిటికీ కలిపి 6305 అని ఒకే హెచ్‌ఎస్ఎన్ కోడ్ (సుంకం లెక్కకి సరుకుకి ఇచ్చే నంబరు) వేశాడు ఆ చైనా సప్లయర్. నీ కస్టమ్స్ బ్రోకర్ కూడా సరేనన్నాడని రాశావు. నేను సరేననను. కంటైనర్ ఓడ ఎక్కకముందే ఇది సరిచేయించు. విశాఖలో దిగాక అయితే ఒకపక్క రేవులో సరుకు ఆగినందుకు పడే డెమరేజ్ పెరుగుతుంటే మరోపక్క కస్టమ్స్ ఆఫీసర్‌తో వాదించుకోవాలి.

6305 సరుకు ప్యాకింగ్‌కి వాడే సంచుల హెడింగ్, అంటే నాలుగంకెల పద్దు. బియ్యం బస్తా, బంగాళదుంపల గోనె, తపాలా సంచి, జంబో బ్యాగ్ అందులోవి. మనిషి చేత పట్టుకుని, భుజాన తగిలించుకుని ఏళ్ల తరబడి వాడుకునేవి 4202లోకి పోతాయి. హ్యాండ్ బ్యాగ్, షాపింగ్ బ్యాగ్, పర్సు, బ్యాక్‌ప్యాక్, లంచ్ బాక్స్ పెట్టుకునే ఇన్సులేటెడ్ బ్యాగ్ అన్నీ అక్కడే. 42 తోలు సామాన్ల అధ్యాయం కదా, గుడ్డ సంచికి అక్కడేం పని అంటావేమో. టారిఫ్ పుస్తకంలో టెక్స్‌టైల్స్ భాగం, సెక్షన్ 11 మొదటి నోట్ తీసి చూడు. 4202లోకి వచ్చే గుడ్డ సామాన్లు టెక్స్‌టైల్స్ కిందికి రావని అందులోనే రాసి ఉంది. మనవాళ్లు హెడింగ్ చదివి ఆగిపోతారు, నోట్స్ జోలికి పోరు. గొడవలు సగం అక్కడే పుడతాయి.

కాబట్టి నీ కాటన్ టోట్ షాపింగ్ బ్యాగ్ కిందే లెక్క, 42022220. బ్యాక్‌ప్యాక్ 420292 కిందికి. బూట్లు పెట్టుకునే తాడు సంచి, మాసిన బట్టలు వేసే లాండ్రీ సంచి మాత్రం 6307. హెచ్‌ఎస్ఎన్ వివరణల్లో వాటిని పేరు పెట్టి అక్కడ చేర్చారు.

నాన్‌వోవెన్ సంగతి కాస్త తలనొప్పి. చూడ్డానికి గుడ్డలానే ఉంటుంది, కానీ పాలీప్రొపిలిన్ వోవెన్, నాన్‌వోవెన్ సంచులు 3923 కింద ప్లాస్టిక్ సంచులేనని 2018 డిసెంబరు 31 నాటి జీఎస్టీ సర్క్యులర్ చెప్పింది. నన్నడిగితే నాన్‌వోవెన్ విషయంలో వాదించడానికి చోటుంది, కానీ మొదటి కంటైనర్‌తోనే ఆ వాదనకి దిగొద్దు. ఇంకో మాట, నాన్‌వోవెన్ ప్లాస్టిక్ క్యారీ బ్యాగ్ 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కంటే తక్కువ ఉండకూడదని 2021 సెప్టెంబరు 30 నుంచి నిబంధన ఉంది. నీ ఇన్వాయిస్‌లో జీఎస్ఎమ్మే రాయలేదు! అల్లిన ప్లాస్టిక్ సంచులు తెప్పించే పనుంటే వాటిని అల్లిన ప్లాస్టిక్ పట్టీ వెడల్పు కూడా రాయించు. 5 మిల్లీమీటర్లు దాటితే అది టెక్స్‌టైల్ లెక్కలోకే రాదు.

తర్వాత బంగ్లాదేశ్ నుంచి జనపనార బ్యాగులు తెద్దామనుకుంటున్నావట. అక్కడ ఇంకా జాగ్రత్త. ఆ దేశం గోనె సంచుల మీద 2017 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (బయటి సరుకు మరీ చవగ్గా వచ్చి పడకుండా వేసే అదనపు సుంకం) ఉంది. జనపనార షాపింగ్ బ్యాగ్ 42022230, జనపనార బస్తా 630510. నీది ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి హ్యాండిల్ ఎలా కుట్టారు, లైనింగ్ ఉందా, అంగట్లో ఏమని అమ్ముతావు అని ఆఫీసర్ అడుగుతాడు. ఫొటోలు, శాంపిల్, కేటలాగ్ దగ్గర పెట్టుకో.

సప్లయర్ ఇచ్చే కోడ్‌లో మొదటి ఆరు అంకెలే అన్ని దేశాలకీ ఒకటి, మిగతావి ఎవరివి వారివి. ఆ ఆరు కూడా అతను ఇచ్చాడు కదా అని నమ్మొద్దు, నువ్వే సరిచూసుకో. కస్టమ్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం సుంకం లెక్కగట్టుకోవాల్సింది దిగుమతిదారే, బ్రోకర్ తప్పు చేశాడంటే ఒప్పుకోరు. తక్కువ కట్టావని తేలితే రెండేళ్ల వరకు నోటీసు ఇవ్వొచ్చు, కావాలని దాచావంటే ఐదేళ్లు. రేట్లు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వేసే రోజు చూసుకో. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మారాయి, పాత పట్టికలు పక్కన పడెయ్.

ఒకే రకం సరుకు ఏడాది పొడుగునా తెచ్చేటట్టయితే అడ్వాన్స్ రూలింగ్‌కి వెళ్లు, అంటే సరుకు ఏ కోడ్‌లోకి వస్తుందో ముందే అధికారికంగా చెప్పించుకో. ముంబై, ఢిల్లీల్లో అథారిటీలున్నాయి. ఫీజు పదివేలు, మూడు నెలల్లో చెప్పాలి. రూలింగ్ వచ్చాక నీ విషయంలో కస్టమ్స్‌వాళ్లు దానికి కట్టుబడాల్సిందే.

సప్లయర్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టు. ఒక్కో రకం సంచీ వేరే లైన్‌లో, గుడ్డ పేరు, జీఎస్ఎం, కొలతలతో రాయమను. సవరించిన ఇన్వాయిస్ వచ్చాక నాకు పంపు, చూసి చెబుతా.

మీ పెదనాన్న