పసుపు లైటు పడితే ఆగలేం, దాటలేం. తప్పు డ్రైవర్లదా, సిగ్నల్‌దా?

చాలాసార్లు సిగ్నల్ టైమింగ్‌దే. గంటకు 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. పసుపు చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను, ఆపైన జారకుండా ఆగడానికి మరో 46 మీటర్లు. మొత్తం 63 మీటర్లు కావాలి. పసుపు 3 సెకన్లే ఉంటే ఆలోపు వెళ్లగలిగేది 50 మీటర్లు. స్టాప్ లైనుకు ఈ రెండు దూరాల మధ్య ఉన్నవాళ్లు ఎంత జాగ్రత్తపరులైనా చేయగలిగిందేమీ లేదు. 1960లోనే గాజిస్, హెర్మన్, మరదుదిన్ అనే పరిశోధకులు ఈ చిక్కును లెక్కకట్టి చూపారు. ఆ లెక్కన ఇక్కడ పసుపు దాదాపు 4 సెకన్లు ఉండాలి.

నన్ను ఇంకా భయపెట్టేది, అన్ని వైపులా ఒకేసారి ఎరుపు ఉండాల్సిన ఆ ఒకటి రెండు సెకన్లు లేకపోవడం. 30 మీటర్ల కూడలి దాటడానికి అదే వేగంలోనూ దాదాపు 2 సెకన్లు పడుతుంది, నిండా జనంతో ఉన్న ఆటోకైతే ఇంకా ఎక్కువ. మన దగ్గర కౌంట్‌డౌన్‌లో 3 కనబడగానే అడ్డంగా బైకులు కదిలిపోతాయి కదా!

ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ వేళల్లో, ఏ వైపు నుంచి వచ్చేవాళ్లు ఇరుక్కుంటున్నారో వీడియోతో సహా ఇవ్వండి.