నైరాల్లో 20 శాతం వడ్డీ... వేయమంటారా?

ప్రశ్న: నైజీరియాలోని లాగోస్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం ఇక్కడి కరెన్సీ నైరాల్లోనే. ఇక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఏడాదికి 20 శాతం ఇస్తామంటున్నారు. హైదరాబాద్ ఇంటి లోన్ ఈఎంఐ కట్టగా మిగిలింది ఇక్కడే వేసుకోమంటారా?

జవాబు: వద్దండి. మీ అప్పు రూపాయల్లో ఉంది, లెక్క కూడా రూపాయల్లోనే వేయాలి. 2023 మేలో మీ దగ్గర 10 లక్షల నైరాలు ఉన్నాయనుకోండి. అప్పుడు బ్యాంకు రేటు డాలర్‌కు సుమారు 460 నైరాలు. ఆ రేటుకు డాలర్లు దొరికితే కదా! బ్యాంకుల బయట, అనధికార మార్కెట్లో 750 దాకా పలికేది. పోల్చడానికి ఆ బయటి రేటే తీసుకున్నా మీ సొమ్ము విలువ సుమారు లక్షా పది వేల రూపాయలు. దాన్ని 20 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 12 లక్షల నైరాలయ్యేవి. ఈలోగా డాలర్ 1,450 దాటింది. చేతికొచ్చేది 69 వేలు. వడ్డీ మాట దేవుడెరుగు, అసల్లోనే మూడో వంతుకు పైగా కరిగిపోయింది.

నైజీరియాకు వచ్చే డాలర్లలో సింహభాగం ముడిచమురువే. 2014లో 100 డాలర్లు దాటిన పీపా ధర 2016 జనవరికి 30 కిందికి పడింది. అప్పుడే నైరాను కొద్దికొద్దిగా దిగనిచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని నా నమ్మకం. సెంట్రల్ బ్యాంకు మాత్రం ఏడాదికి పైగా డాలర్‌ను 197 నైరాల దగ్గరే పట్టుకు కూర్చుంది. బియ్యం, సిమెంటు సహా 41 రకాల సరుకుల దిగుమతికి డాలర్లు ఇవ్వనంది. ఫ్యాక్టరీలకు ముడిసరుకు అందలేదు. 2016లో ఆర్థిక వ్యవస్థ 1.6 శాతం కుంగింది. మీ కంపెనీలో ఆనాటి పాతవాళ్లుంటే అడగండి, కథలు కథలుగా చెబుతారు. చివరికి 2023 జూన్‌లో నైరా రేటుకు వేసిన కట్లు వదిలారు. 9 నెలలు తిరక్కుండానే డాలర్ 1,500 దాటింది. డాలర్లు దొరక్క 2023లో విమాన సంస్థల టిక్కెట్ల డబ్బే 80 కోట్ల డాలర్లకు పైగా అక్కడ ఇరుక్కుపోయింది.

2025లో నైరా కుదుటపడిన మాట నిజమే. కానీ చమురు ధర మళ్లీ పడితే మీ జీతం, ఉద్యోగం, డిపాజిట్ మూడింటికీ ఒకేసారి దెబ్బ. నన్ను భయపెడుతున్నది అదే.

అక్కడ ఇంటద్దె ఏడాదిది ముందే కట్టాలి కదా. దానికీ, జనరేటర్ డీజిలుకూ, మూడు నెలల ఖర్చుకూ సరిపడా నైరాలు ఉంచుకోండి. మిగతాది ప్రతి నెలా బ్యాంకు ద్వారా పంపేయండి, ‘రేటు బాగుపడ్డాక చూద్దాం’ అని ఆపొద్దు. డబ్బు ఎన్ఆర్ఈ ఖాతాలోకే (ప్రవాస భారతీయులు విదేశీ సంపాదనను రూపాయల్లో దాచుకునే ఖాతా) రావాలి. ఆరు ఈఎంఐలకు సరిపడా అందులోనే డిపాజిట్ చేసి, ఆపైన మిగిలింది ఎఫ్‌సీఎన్ఆర్‌లో, అంటే ప్రవాసుల విదేశీ కరెన్సీ డిపాజిట్‌లో, డాలర్లుగానే ఉంచండి. ‘ఇక్కడ నైరాలివ్వు, అక్కడ మీ ఇంట్లో రూపాయలు ఇప్పిస్తాం’ అనేవాళ్ల జోలికి పోకండి. అది విదేశీ మారక లావాదేవీల చట్టానికి (ఫెమా) విరుద్ధం, పైగా సొమ్ము పోతే అడిగే దిక్కుండదు.

ఇంకొకటి. కాంట్రాక్టు రెన్యువల్‌కు వచ్చినప్పుడు జీతంలో సగమైనా డాలర్లలో ఇమ్మని అడగండి. నైరాల్లో పది శాతం పెంచుతామన్నా సరే, ముందు ఈ మాటే అడగండి.