మెట్టతామర, రేల గింజలు మొలవడం లేదా? ట్రేలు పారబోయకండి

ప్రశ్న: సార్, మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. మెట్టతామర, రేల, శంఖుపూల గింజలు ప్రోట్రేల్లో (నారు పెంచే గడుల ట్రేల్లో) వేసి 25 రోజులైంది, 100కి 10 కూడా మొలవలేదు. మందుల షాపులో చెప్పారని, మొలక కోసం వాడే జిబ్బరెల్లిక్ యాసిడ్‌లో ఒక రాత్రి నానబెట్టి మరీ వేశాను. విత్తనం నకిలీదంటారా? పెటూనియా కూడా సరిగా రాలేదు.

జవాబు: ముందు ఆ ట్రేలు పారబోయకండి. ఒక గడిలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పక్కకి తీసి గింజను బయటికి తీయండి, రెండు వేళ్ళ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. మెత్తగా నలిగి కంపు కొడితే అది చచ్చిపోయినట్టే. వేసిన రోజు ఎలా ఉందో అలాగే రాయిలా నిగనిగలాడుతుంటే మాత్రం గింజ బతికే ఉంది, దానికింకా లోపలికి నీళ్ళే అందలేదు. మీరు చెప్పిన మూడూ గట్టి పెంకు గింజలే, నీటిని ఒక పట్టాన లోపలికి రానివ్వవు. అందుకే మీ ట్రేల్లో ఎక్కువ భాగం ఇలాంటివే ఉంటాయని నా అంచనా. అప్పుడే విత్తనం నకిలీదని టెన్షన్ పడకండి.

జిబ్బరెల్లిక్ యాసిడ్ మంచి మందే. కానీ అది లోపలి పిండం నిద్రలో ఉన్న గింజల్ని లేపడానికి. మీ గింజల్లో అడ్డు పెంకు దగ్గరే ఉంది. నీళ్ళే దూరని పెంకులోంచి మందు ఎలా దూరుతుంది చెప్పండి? ఏ గింజకు అని అడక్కుండా అన్నింటికీ ఒకటే మందు అంటగట్టడం వల్ల చాలామంది నర్సరీ రైతులు నష్టపోతున్నారు, నాకు బాధగా ఉండేది ఇదే.

మెట్టతామర గింజ చూశారుగా, నల్లగా బఠాణీ అంత. తుపాకీ గుండులా ఉంటుందనే ఇంగ్లీషులో దానికి ఇండియన్ షాట్ అని పేరొచ్చింది. గరుకు కాగితం మీద పెట్టి ఒకే పక్క రుద్దండి, నలుపు పోయి తెల్లగా చుక్క కనబడగానే ఆపేయండి. ఇంకా లోతుకు పోతే నానబెట్టినప్పుడు కుళ్ళిపోతుంది. కన్ను, అంటే గింజ కాయకు అతుక్కున్న చోట ఉండే మచ్చ, ఉన్న వైపు అసలు ముట్టుకోవద్దు, మొలక అక్కడే వస్తుంది. రేల గింజకైతే నెయిల్ కట్టర్ చాలు, కన్నుకు ఎదురు కొనలో కొంచెం పెంకు తుంచండి. శంఖుపూల గింజల్ని గుప్పెడు తీసుకుని రెండు గరుకు కాగితాల మధ్య మెల్లగా నలిపితే సరిపోతుంది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేసి తీసే పద్ధతి కూడా ఉంది గానీ మీ నర్సరీకి వద్దు, ఒక్క చుక్క చర్మం మీద పడినా కాలిపోతుంది, కొన్ని వందల గింజల కోసం ఆ ప్రమాదం ఎందుకు?

రుద్దిన గింజల్ని రాత్రి మామూలు నీళ్ళలో వేయండి. పొద్దున్నకి నీళ్ళు తాగినవి బాగా ఉబ్బి, మెరుపు పోయి ఉంటాయి. వాటిని అప్పటికప్పుడే విత్తేయండి, రుద్దిన గింజ నిల్వకు పనికిరాదు. ఉబ్బనివి ఏరి మళ్ళీ రుద్దండి. 24 గంటలు దాటి నీళ్ళలోనే వదిలేస్తే గాలి ఆడక చెడిపోతాయి.

చెరువుల్లో పెరిగే అసలు తామర గింజకు కూడా ఇదే పద్ధతి. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన దాదాపు 1,300 ఏళ్ళ నాటి తామర గింజ కూడా పెంకు అరగదీసి నీళ్ళలో వేస్తే మొలిచింది. అంత గట్టి కాపలా ఆ పెంకుది, మీ గింజకు 25 రోజులు ఒక లెక్కా?

ఒక్క మాట, మీరు మెట్టతామరను రంగుల వారీగా అమ్మాలనుకుంటే గింజ వద్దు, హైబ్రిడ్ల గింజ నుంచి తల్లి రంగే వస్తుందని నమ్మకం లేదు. దుంపలు విడదీసి నాటండి.

పెటూనియా సంగతి పూర్తిగా వేరు. గ్రాముకు దాదాపు 10 వేల గింజలు తూగే ఆ నలుసుకు వెలుతురు కావాలి. పైన కోకోపీట్ కప్పితే రాదు. తడిపిన కోకోపీట్ మీద ఊరికే చల్లి, ట్రేను నీళ్ళ పళ్ళెంలో పెట్టి అడుగు నుంచి తడి అందించండి, పైనుంచి రోజ్‌క్యాన్‌తో (చిల్లుల మూతి ఉన్న నీళ్ళ డబ్బాతో) పోస్తే గింజ కొట్టుకుపోతుంది. అదే బిళ్ళగన్నేరుకు చీకటి కావాలి, దాన్ని మాత్రం తప్పకుండా కప్పండి.

ఇవాళ రాత్రికి ట్రేలోంచి ఓ 10 మెట్టతామర గింజలు తీసి రుద్ది నానబెట్టండి. పొద్దున్న ఎన్ని ఉబ్బాయో లెక్కపెట్టి, ఆ తర్వాతే మిగతా ట్రేల జోలికి వెళ్ళండి.