ముక్కులో పక్కులు, రక్తం... క్రోమ్ పని వల్లేనా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో క్రోమ్ ప్లేటింగ్ షాపులో 14 ఏళ్లుగా తొట్టి దగ్గర పని చేస్తున్నాను. ముక్కులో పక్కులు కడుతున్నాయి, అప్పుడప్పుడు రక్తం వస్తోంది. నొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు 3 నెలలుగా వేసుకుంటున్నాను. విష లోహాలతో క్యాన్సర్ వస్తుందంటున్నారు. రోజూ బెల్లం తింటే ఒంట్లో చేరిన లోహం పోతుందా? ఏ రక్త పరీక్ష చేయించుకోవాలి?
- ఒక పాఠకుడు

జవాబు: బెల్లం సంగతి తర్వాత. 3 నెలలుగా ఒకే చుక్కల మందా? పేరు రాయలేదు కానీ, ముక్కు దిబ్బడకు షాపుల్లో ఇచ్చేవి చాలావరకు రక్తనాళాలను ముడుచుకునేలా చేసేవే. కొద్ది రోజులకు మించి వాడకూడదు. మీ ముక్కు లోపల ఇప్పటికే పుండు ఉంటే, అక్కడికి అందే రక్తాన్ని ఇవి ఇంకా తగ్గిస్తాయి. అలాంటి మందే అయితే ఆపేయండి.

క్రోమ్ పూత వేసే తొట్టి మీద లేచే తుంపరలో హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం లోహపు విష రూపం) ఉంటుంది. రెండు రంధ్రాల మధ్య గోడను అది కాల్చి పుండు చేస్తుంది, వదిలేస్తే చిల్లు పడుతుంది. నొప్పి ఉండదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు. చూడకుండా మీకూ అదేనని నేను చెప్పలేను. ఆ పుండు క్యాన్సర్ కాదు, అంత టెన్షన్ వద్దు. కానీ ముక్కును కాల్చిన తుంపర ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది, నా ఆందోళన దాని గురించే. ఈ క్రోమియం కణంలోకి సులువుగా దూరి, అక్కడ రూపం మారుతూ డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1990లోనే ప్రకటించింది. అందరికీ రాదు, వస్తే బయటపడడానికి చాలా ఏళ్లు పడుతుంది. సిగరెట్ గురించి మీరు రాయలేదు. తాగుతుంటే ఇవాళే మానండి.

రక్తంలో, మూత్రంలో క్రోమియం పరీక్ష ఈమధ్య ఎంత లోపలికి వెళ్లిందో చెబుతుంది. క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. రక్త పరీక్షల ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి. బెల్లం, పాలు ఈ లోహాన్ని బయటికి పంపవు. ఒంట్లోని విషాన్ని కడిగేస్తాయంటూ అమ్మే ‘డిటాక్స్’ పొడులు అసలే వద్దు.

ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. 3 వారాలు దాటిన దగ్గు, కళ్లెలో రక్తం, గొంతు బొంగురు ఉంటే ఛాతీ డాక్టర్‌నూ కలవాలి. ఎక్స్‌రేనా, సీటీనా అన్నది ఆయన చూసి నిర్ణయిస్తారు. ఏం పని చేస్తారో విడమరిచి చెప్పండి. చాలామంది ‘ప్రైవేటు జాబ్’ అని ఊరుకుంటారు, మాకు అసలు కారణం తట్టదు. క్రోమ్ పుండ్లు చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. ఈఎస్‌ఐ కార్డు ఉంటే వాడుకోండి.

గుడ్డ మాస్కు ఈ తుంపరను ఆపదు. తొట్టి దగ్గర తుంపరను లాగేసే ఎగ్జాస్ట్ ఉండాలి, యజమానిని అడగండి. పని బట్టలు ఇంటికి తేకండి, పిల్లలుంటే మరీను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా కూడా పట్టుకెళ్లండి.