ఇంకొక్క ఎంట్రీ అనే ముందు

బిడ్డా,

బ్రిటన్‌ల చదువుకుంట శని, ఆదివారాలు చేసే రెస్టారెంట్ పని మానేసి, ఆ గంటలల్ల ఆన్‌లైన్ పోకర్ (పేకాట) టోర్నమెంట్లు ఆడాలనుకుంటున్నవని మీ అక్క చెప్పింది. 60 టోర్నమెంట్లల్ల 400 పౌండ్లు మిగిలినయని నువ్వు రాసిన లెక్క, ఖాతా స్క్రీన్‌షాట్లు కూడా చూపించింది. ఏ ముక్కలు పడ్డప్పుడు ఎందుకు ఫోల్డ్ చేసి ముక్కలు పడేసినవో ఆట అయిపోయినంక కూర్చొని రాసుకున్నవు చూడు, అది చదివి సంబురపడ్డ. మా తమ్ముని కొడుకుకు సంభావ్యత ఇంత బాగ పట్టుబడ్డదని నలుగురికి చెప్పాలనిపించింది. ఆ వెనుకనే భయం పట్టుకున్నది. ఫోన్ల చెప్తే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తవు. అందుకే రాస్తున్న.

చిన్న సంగతులు ముందు చెప్పేస్త. బ్రిటన్‌ల లైసెన్సున్న సైట్ల ఆడుడు నేరం కాదు, ఆడేటోళ్ల గెలుపు మీద పన్ను కూడా లేదు. కానీ డిసెంబర్ల నల్లగొండకు వచ్చినప్పుడు ఆ యాప్ తెరువకు. మన రాష్ట్రంల పైసలు పెట్టి ఆన్‌లైన్ల పేకాడుడు 2017 నుంచే నిషేధం. 2025 ఆగస్టుల కేంద్రం తెచ్చిన చట్టం ముందట "ఇది నైపుణ్యం ఆట" అన్న వాదన కూడా నిలువది. ఏ దేశంల ఉన్నవో దాచే వీపీఎన్ పెట్టుకోవచ్చని దోస్తులు చెప్తే వినకు. ఇంకొకల ఖాతా మీద ఆడకు. ఆడుతున్నప్పుడు ఏం చేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్ పక్కన తెరువకు.

ఇగ అసలు సంగతి. ఈ ఆట నీ టైముకు తగ్గ పైసలు ఇస్తదా?

నువ్వు ఆడేది 5.50 పౌండ్ల టోర్నమెంట్. అందుల 5 బహుమతుల కుండల పడుతది, 50 పెన్నీలు సైటుకు పోతది. వెయ్యిమంది ఆడితే కట్టేది 5,500, పంచేది 5,000. అంటే మొదటి ముక్క పడకముందే అందరి పైసలల్ల 9 శాతం పోయింది. మిగతావాళ్లకంటే జర మంచిగ ఆడితే ఆ 9 పూడుతది, అంతే. మిగలాలంటే చాలా మంచిగ ఆడాలె. చిన్న ఆటలల్ల చేయి తిరిగినోళ్లకు పెట్టిన పైసల మీద 20 శాతం మిగిలితే మంచి ఫలితమే అనుకో. అంటే ఒక్క ఎంట్రీకి, పైసలు కట్టి ఒక్కసారి ఆటల దిగుడుకు, 1.10 పౌండ్లు. ముందే ఓడిన రోజులు, చివరిదాకా ఉన్న రోజులు కలిపి ఒక్క ఎంట్రీకి సగటున రెండు గంటలు వేసుకో. నాలుగు టేబుళ్లు తెరిచి నాలుగు ఆటలు ఒక్కసారే ఆడినా గంటకు రెండు ఎంట్రీలు, 2.20 పౌండ్లు. అక్కడ 21 ఏండ్లు దాటినోళ్లకు కనీస కూలి 2025 ఏప్రిల్‌లనే గంటకు 12.21 ఉండె. గిన్నెలు కడిగినా అంత ఇయ్యాల్సిందే.

పెద్ద ఆటలకు పోత అంటవేమో. అదే 20 శాతంతోటి ఆ కూలి రావాలంటే 30 పౌండ్ల టోర్నమెంట్లు ఆడాలె. అక్కడ ఎదురుగ కూర్చునేటోళ్లు నువ్వు ఇప్పుడు చూస్తున్నోళ్లు కారు. ఆ 20 శాతం అక్కడ నిలువది.

ఇంకొకటి. పైసలు వచ్చే రాత్రులే పొడుగు రాత్రులు. వెయ్యిమంది ఆటల బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందేలు, పది పన్నెండు నిమిషాలకోసారి పెరిగినా, సాయంత్రం 7కు మొదలైంది అర్ధరాత్రి దాటిగాని తేలది. రేపు పొద్దున 9కి క్లాసున్నదని చివరికి మిగిలినోళ్లు కూర్చునే ఫైనల్ టేబుల్ నుంచి లేవలేవు. అలసిపోయి చేసే తప్పులన్నీ పెద్ద బహుమతుల దగ్గరే పడుతయి.

అదృష్టం సంగతి నీకు తెలుసనుకుంటున్నవు, కానీ ఎంత పెద్దదో తెలువది. రెండు ఏసులు పట్టుకొని, అవతలోని దగ్గర చిన్న జత ఉంటే, ఆల్-ఇన్‌ల, అంటే ఉన్న చిప్స్ అన్నీ ఒక్కసారే పెడితే, నువ్వు గెలిచేది దగ్గర దగ్గర 80 శాతం. బలమైన లెక్కే. అసుంటి ఆల్-ఇన్‌లు వరుసగ నాలుగు గట్టెక్కే అవకాశం మాత్రం 41 శాతమే. వెయ్యిమందిల సగటు ఆటగాడు వెయ్యికోసారి గెలుస్తడు. నువ్వు వానికి రెండింతలు మంచిగ ఆడినా 500కు ఒక్కసారి. వారానికి పది ఆడితే ఏడాదికి ఒక్క రాత్రి. ఆ ఏడాది లాభమంత ఆ ఒక్క రాత్రి మీదనే వేలాడుతది. ఒక్కో టోర్నమెంట్ ఫలితం ఏడు ఎంట్రీల పైసలంత అటూ ఇటూ ఊగుతదనుకొని లెక్క వేసిన: నిజంగనే 20 శాతం లాభం తెచ్చే ఆటగాళ్లు వెయ్యి టోర్నమెంట్లు ఆడినంక కూడ ఐదారుగురిల ఒకరు నష్టంలనే ఉంటరు. ఇగ 60 టోర్నమెంట్లు నీకేం చెప్తయి? నువ్వు మంచోనివని చెప్పవు, చెడ్డోనివనీ చెప్పవు.

ఇప్పుడు చెప్పేదే నాకు నిద్ర లేకుండ చేసింది. కోపం రావొద్దు.

నువ్వు 60 టోర్నమెంట్లని రాసినవు. స్క్రీన్‌షాట్లల్ల ఎంట్రీలు 83 ఉన్నయి. ఆ 23 రీ-ఎంట్రీలు, అంటే ఓడినంక అదే ఆటల మళ్ల కట్టి దిగినయి, నీ పుస్తకంల లేవు. వాటికి 126.50 పౌండ్లు. మిగిలింది 400 కాదు, 273.50. అందుల రెండో స్థానంల వచ్చిన ఒక్క రాత్రిదే 480. ఆ రాత్రిని తీసేస్తే 206.50 నష్టం. అన్ని రాత్రులు కలిపి 130 గంటలు కూర్చున్నవని నువ్వే రాసినవు. గంటకు 2 పౌండ్ల 10 పెన్నీలు.

నువ్వు అబద్ధమాడినవని అంటలేను. ఎవరైనా ఇట్లనే రాస్తరు. ఓడిపోయినంక మళ్ల కట్టిన పైసలు ఆ ఆటలనే కలిసిపోయినట్టు, వేరే ఖర్చు కానట్టు మనసు మలుపుకుంటది. ఈ తప్పు మన జిల్లాకు కొత్త కాదు. బత్తాయి తోట ఎండుతున్నప్పుడు 300 ఫీట్లకు బోరేస్తరు, దుమ్ము లేస్తది. టెంకాయ చేతుల పెట్టుకొని తిరిగేటాయన ఇంకొక పాయింట్ చూపిస్తడు. "మొన్నటిది ఫెయిలైంది గదా, ఈసారి పడాలె" అంటరు. మొదటి బోరు ఎండిపోయిందని రెండో పాయింట్ కింద నీళ్లు ఊరవు. లోతుకు పోయినకొద్ది ఫీటు రేటు పెరుగుతది, చేతిల పైసలు తరుగుతయి. జనం కన్నా బోర్లెక్కువని పేరు పడ్డ మూసంపల్లి మన జిల్లాదే. ఏ ఇంట్లనన్న ఎన్ని బోర్లేసిండ్రని అడిగితే నీళ్లు పడ్డదాన్నే చెప్తరు. మీ నాయినను అడిగి చూడు, రెండంటడు. అప్పు కాగితాల మీద ఐదున్నయి. ఆ కాగితాల పక్కనే ఇప్పుడు నీ చదువు లోన్ కాగితాలున్నయి.

రీ-ఎంట్రీ ప్రతిసారి తప్పని కాదు, న్యాయంగ చెప్పాలె. ఆట మొదట్ల 10,000 చిప్స్ అంటే వంద బిగ్ బ్లైండ్లు (రెండు బ్లైండ్లల్ల పెద్దది). ఆలస్యంగ వచ్చేటోళ్లను చేర్చుకునే లేట్ రిజిస్ట్రేషన్ మూసే వేళకు బ్లైండ్లు పెరిగి అదే 10,000 పదిహేనుకు, పదికి దిగుతది. అప్పటికి కొందరు వెళ్లిపోయిండ్రు గనుక బహుమతి జర దగ్గరపడ్డదే. కానీ పదిహేను బ్లైండ్లతోటి ఆల్-ఇన్ లేకుంటే ఫోల్డ్, చేసేది ఈ రెండే. నువ్వు రాత్రులు చదివి నేర్చుకున్న ఫ్లాప్ (నడుమ తెరిచే మొదటి మూడు ముక్కలు) మీది ఆట అంత అక్కర రాకుండ పోతది. ఫీజు మాత్రం అదే 50 పెన్నీలు. పైగ ఆ బటన్ నొక్కేది ఓడిన పది సెకన్లల్ల, మొహం మండుతున్నప్పుడు. నీ 23ల మూడోసారి, నాలుగోసారి కట్టినయి తొమ్మిదున్నయి. అవి లెక్క చేసి కట్టినయి కావు బిడ్డా.

అందుకని ఇట్ల చెయ్యి. పని మానకు. ఆట వారానికి ఒక్క సాయంత్రం, తెల్లారి క్లాసు లేని రోజు. రీ-ఎంట్రీ లేని ఫ్రీజౌట్లు, 200 మందికి మించని చిన్న ఆటలు పట్టుకో. బహుమతులు చిన్నయే, కానీ ఊగులాట తగ్గుతది, ఫైనల్ టేబుల్ ఆడుడు తొందరగ నేర్చుకుంటవు. రీ-ఎంట్రీ ఉన్న ఆటయితే ఒక్కసారే, అది కూడ 25 బ్లైండ్లకు తక్కువ రాకుంటేనే, లేచి నీళ్లు తాగి వచ్చినంకనే. ఆట పైసలు వేరే ఖాతాల పెట్టు. కనీసం 200 ఎంట్రీలకు సరిపోవాలె. నీ దగ్గరున్న 273.50కు తూగేది 1.10 పౌండ్ల ఆటే. 5.50 ఆటకు 1,100 కావాలె. ఫీజు డబ్బు, రూమ్ కిరాయి అందుల కలువొద్దు. ఏదన్న రాత్రి చేయి ఆగకుంటే బ్యాంక్ యాప్‌ల జూదం చెల్లింపులు ఆపే మీట ఉంటది. అది చాలకుంటే గామ్‌స్టాప్‌ల పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ మూసుకుపోతయి. అందుల సిగ్గుపడేది ఏం లేదు.

మీ నాయినకు నేనేం చెప్పలే. చెప్పాల్సి వస్తే నువ్వే చెప్పు, 83 అంకెతోటి.

సకినాలు, పల్లిపొడి మీ అక్క పార్సిల్ చేసింది. సలికి చెవులు కప్పుకొని తిరుగు, రాత్రి పన్నెండుకు బ్రెడ్ తిని పడుకోకు. కొత్త నోట్‌బుక్కుల ఒక్కో ఎంట్రీకి ఒక్కో వరుస రాయి: తారీఖు, కట్టింది, వచ్చింది, కూర్చున్న గంటలు, రీ-ఎంట్రీ అయితే ఎన్ని బ్లైండ్లతోటి. పాత 83 కూడ అందులకు ఎక్కించు. ఆదివారం నేను ఫోన్ చేసేటప్పుడు ముందట పెట్టుకో, ఆ తొమ్మిదింటితోటి మొదలుపెడదాం.

మీ అత్తమ్మ